తెల్ల చొక్కా లోపల బనియన్ ఉండాలా, అక్కర్లేదా: ఒక దర్జీ సమాధానం

ప్రొద్దుటూరు నుంచి వచ్చి అనంతపురంలో బ్యాంకు ఉద్యోగంలో చేరిన ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది. రోజూ లేత రంగు ఫుల్‌హ్యాండ్స్ చొక్కాను ప్యాంటులోకి దోపుకొని వెళ్లాలట. లోపల బనియన్ వేసుకుంటే ఉడికిపోతున్నారట. మానేస్తే పదకొండు గంటలకే చంకలు తడిసి, వీపు కుర్చీకి అతుక్కుంటోందట. బనియన్ లేకుండా గడప దాటడమేమిటని వాళ్ల నాన్నగారు కోప్పడుతున్నారు, ఈ కాలంలో బనియన్ ఎవరు వేసుకుంటారని స్నేహితులు నవ్వుతున్నారు, దొరలెవరూ చొక్కా లోపల ఏమీ వేయరని విదేశీ వీడియోలు చెబుతున్నాయి. వీళ్లలో ఎవరి మాట వినాలని ఆయన అడుగుతున్నారు.

నేను అనంతపురంలో ముప్పై నాలుగేళ్లుగా చొక్కాలు కత్తిరిస్తున్నాను. బనియన్లు అమ్మే వ్యాపారం నాకు లేదు కాబట్టి, వేసుకోమని చెప్పడం వల్ల నాకు వచ్చే లాభమూ లేదు. మీరు చెప్పిన ఉద్యోగానికి, మీరు చెప్పిన రకం చొక్కాలకు బనియన్ ఉండాల్సిందే. అయితే మీరు ఇప్పుడు వేసుకుంటున్నది చేతుల్లేని తెల్ల బనియన్ అయి ఉంటుందని నా అనుమానం. అదే నిజమైతే మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది. ఎండకాలంలో బనియన్ వల్ల కలిగే కష్టమంతా అందులో ఉంది, బనియన్ వల్ల కలగాల్సిన సుఖం మాత్రం దాదాపు ఏమీ లేదు.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే రిపేరుకు వచ్చే చొక్కాల సంగతి చెప్పాలి. కాలర్ అరిగిందని తిప్పి కుట్టమనో, ఒళ్లు వచ్చిందని పక్కలు వదలమనో చొక్కాలు తెస్తుంటారు. దాన్ని తిరగేసి బల్ల మీద పరిచామంటే ఆ మనిషి ఏం పని చేస్తాడో, లోపల ఏం వేసుకుంటాడో చెప్పేయవచ్చు. చంక దగ్గర, పక్క కుట్టూ చేతి కుట్టూ కలిసే చోట, బట్ట మడతలు పడి మందంగా ఉంటుంది. చెమట అక్కడ చేరి ఆరుతుంది, మళ్లీ చేరి మళ్లీ ఆరుతుంది. కొన్నాళ్లకు అరచేయంత మేర పసుపు తిరిగి, వేలితో నొక్కితే అట్టలా బిరుసుగా తగులుతుంది. ఆ బిరుసు పక్కనే, కుట్టు వెంబడి, బట్ట చీలుతుంది. కాలరూ కఫ్‌లూ ఇంకా కొత్తవిలాగే ఉన్నా చంక చిరిగిన చొక్కాను బాగుచేయడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. అతుకు వేస్తే చేయి ఎత్తినప్పుడు తెలిసిపోతుంది. చేతులున్న బనియన్ వేసుకునే వాళ్ల చొక్కాల్లో ఈ మచ్చ చాలా ఆలస్యంగా వస్తుంది, కొందరికి రానే రాదు. ఆ చెమట, ఆ మచ్చ, ఆ చీలిక అన్నీ బనియన్ భరిస్తుంది. చొక్కా ధరలో బనియన్ ధర ఎన్నో వంతో మీరే లెక్క వేసుకోండి.

చేతుల్లేని బనియన్‌కు చంక దగ్గర బట్టే ఉండదు కదా. అంటే చెమట ఎక్కువగా పట్టే చోటును వదిలేసి, అంతగా పట్టని పొట్టను కప్పుతుంది. పైగా దాని భుజం పట్టీలు వెనక నుంచి చూస్తే పల్చని చొక్కాలోంచి రెండు గీతల్లా కనబడతాయి. కౌంటర్ ముందు నిలబడిన ఖాతాదారుకు మీ వీపు కనబడదు గానీ, వెనక కూర్చున్న మేనేజరుకు రోజంతా కనబడుతుంది.

మరి మన పెద్దవాళ్లు అదే ఎందుకు వేసుకునేవారంటే, వాళ్లకు బనియన్ లోదుస్తు కాదు, సగం పైదుస్తు. పొలంలో, అంగట్లో, ఇంటి అరుగు మీద చొక్కా తీసి పక్కన పెట్టి బనియన్ మీదే ఉండేవారు. ఆ పనికి చేతుల్లేనిదే హాయి. మా నాయన బనియన్‌కు ఛాతీ మీద జేబు కూడా ఉండేది. బీడీ కట్ట, బస్సు టికెట్టు, మడిచిన నోట్లు అన్నీ అందులోనే. ఇప్పటికీ పాతూరు అంగళ్లలో జేబు బనియన్ అడిగే రైతులు ఉన్నారు. వాళ్ల అవసరం వేరు, మీ అవసరం వేరు. ఆ బనియన్‌నే పల్చని తెల్ల చొక్కా కింద వేసుకొని బ్యాంకుకు వెళ్లడంతోనే చిక్కు మొదలయింది.

ఇక ఉక్క సంగతి. బనియన్ వేసుకుంటే ఒంటికి చల్లగా ఉంటుందని కొందరు ఒట్టేసి చెబుతారు, అది సగమే నిజం. చెమట ఆవిరైనప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి ఒంటి నుంచి దాదాపు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. బొట్టుగా కారి కింద పడిన చెమట వల్ల ఆ మేలు జరగదు. కాబట్టి ఒంటి మీద ఎన్ని పొరలుంటే గాలి అంత తక్కువ తగులుతుంది, అంత వేడిగానే ఉంటుంది. రెండు పొరలు ఒక పొర కంటే చల్లన అని నేను మీకు అబద్ధం చెప్పను. అయితే మన సీమ ఎండకూ కోస్తా ఉక్కకూ తేడా ఉంది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప 40 డిగ్రీలు దాటి కాగుతుంటాయి, కానీ మధ్యాహ్నం గాలిలో తేమ తక్కువ. విజయవాడలో తడిసిన బట్ట తడిగానే ఒంటికి అంటుకొని ఉంటుంది. ఇక్కడ ఫ్యాను కింద కాసేపు కూర్చుంటే పల్చని నూలు బనియన్ ఆరిపోతుంది. కోస్తాలో ఉండే మీ స్నేహితుడు బనియన్ వద్దంటే అతని ఊళ్లో అతని మాటకు బలం ఉంది. ఆ మాటను ఇక్కడికి యథాతథంగా తేనక్కర్లేదు.

ఇంత పొడిగాలికి ఇంకో గుణం ఉంది. చెమటలో నీళ్లు ఎగిరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. చెరువు ఎండుతున్నప్పుడు గట్టు మీద నీటిమట్టం దిగిన గుర్తులు ఒకదాని కింద ఒకటి గీతలుగా మిగులుతాయి చూడండి, ముదురు రంగు చొక్కా వీపు మీద సాయంత్రానికి సరిగ్గా అలాంటి తెల్ల గీతలు పడతాయి. మెడికల్ రెప్రజెంటేటివ్‌గా పని చేసే ఒకాయన నేవీ బ్లూ చొక్కా తెచ్చి, "మాస్టర్, బట్ట రంగు దిగిపోతా ఉండాది, అంగట్లో వాపసు తీసుకుంటారా?" అని అడిగాడు. రంగు దిగలేదు, బైకు మీద గుత్తికీ గుంతకల్లుకూ తిరిగిన ఉప్పు అది. తడి గుడ్డతో తుడిస్తే పోయింది. ఆయనకు చేతుల బనియన్ వేసుకోమని చెప్పాను. ఆ తరువాత ఆ ఫిర్యాదుతో ఆయన మళ్లీ రాలేదు, వేరే పనులకు దుకాణానికి రావడం మాత్రం మానలేదు కాబట్టి ఫలితం ఇచ్చిందనే అనుకుంటున్నాను.

వాసన గురించి మీరు అడగలేదు, కానీ అడగడానికి మొహమాటపడి ఉంటారు. చెమటకు పుట్టుకతో వాసన లేదు. చంకల్లో ఉండే ఒక రకం గ్రంథులు యుక్తవయసు నుంచి కొంచెం జిడ్డుతో కూడిన చెమటను వదులుతాయి, చర్మం మీది సూక్ష్మజీవులు దాన్ని తిని వాసన పుట్టిస్తాయి. బనియన్ ఆ చెమటను పీల్చి చొక్కా దాకా పోనివ్వకుండా ఆపుతుంది, అందువల్ల చొక్కా వాసన పట్టదు. బనియన్ మాత్రం పడుతుంది. నిన్నటి బనియన్ ఆరిందని ఈ రోజు మళ్లీ తొడిగితే ఏమీ వేసుకోని వాడికంటే అన్యాయంగా ఉంటుంది. చొక్కాను రెండో రోజుకు దాచుకోవాలనుకుంటే దాచుకోండి, బనియన్‌ను మాత్రం పూటకొకటి మార్చినా తప్పు లేదు.

రంగు విషయంలో నూటికి తొంభై మంది పొరపాటు చేస్తారు. తెల్ల చొక్కా లోపల తెల్ల బనియన్ వేస్తే కనబడదనుకుంటారు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. మీ తెల్ల చొక్కాను ముంజేతి మీద ఒంటి పొరగా పరచి, దాని కింద సగం మేర ఒక తెల్ల కాగితం ముక్క దూర్చి, కిటికీ దగ్గర నిలబడి చూడండి. చర్మం ఉన్న చోట బట్ట కొంచెం మబ్బుగా, కాగితం ఉన్న చోట మెరుపుగా ఉంటుంది, ఆ రెండింటి మధ్య కాగితం అంచు గీసినట్టు కనబడుతుంది. మీ వీపు మీద జరుగుతున్నదీ అదే. మనది చామనఛాయ, దాని మీద తెలుపు దాగదు. అదే కాగితం తీసేసి ఒక బూడిద రంగు గుడ్డ ముక్క దూర్చి చూడండి, అంచు వెతుక్కోవాల్సి వస్తుంది. అంగట్లో లేత బూడిద రంగు అని గానీ స్కిన్ కలర్ అని గానీ అడగండి. స్కిన్ కలర్ పేరుతో ఇచ్చేది కొన్నిసార్లు ఎవరి చర్మానికీ సరిపోని గులాబీ రంగు అయి ఉంటుంది, అది మనకు పనికిరాదు. గోధుమ రంగు దొరికితే మేలు, లేకపోతే బూడిద రంగే నమ్మకమైనది.

ఈ పాఠం నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ల కిందట ఒక పెళ్లికొడుకుకు రిసెప్షన్ కోసం చాలా సన్నని నూలుతో నేసిన తెల్ల బట్టతో చొక్కా కుట్టాను. చొక్కా బట్టల్లో నూలు కౌంటు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని ఉంటే అది అంత కౌంటు. ఖరీదైన బట్ట అంటే చాలా సార్లు సన్నని బట్ట, సన్నని బట్ట అంటే లోపలిది చూపించే బట్ట. అది తెలిసి కూడా నేను కుట్టు మీద చూపిన శ్రద్ధ లోపలి బనియన్ మీద చూపలేదు, ఏం వేసుకుంటున్నారని అడగనైనా లేదు. వీడియో లైటు వెనక నుంచి పడగానే చేతుల్లేని బనియన్ పట్టీలతో పాటు వీపు మీద అచ్చేసిన కంపెనీ పేరు కూడా సభకంతటికీ కనబడింది. క్యాసెట్టులో ఇప్పటికీ ఉందట. పెళ్లికొడుకు తండ్రి దుకాణానికి వచ్చి అరవలేదు. మిగిలిన రెండు ప్యాంటు బట్టలు వెనక్కి తీసుకొని, "ఉండనీలే మాస్టర్, ఏరే చోట కుట్టించుకుంటాం" అని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి తెల్ల చొక్కా కొలతలు తీసుకునే ప్రతి మనిషినీ లోపల ఏం వేసుకుంటారని అడుగుతాను. కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మెడ విషయం చిన్నది. మీరు టై కట్టి పై గుండీ పెట్టేవారైతే గుండ్రని మెడ ఫరవాలేదు. పై గుండీ తీసి ఉంచేవారైతే వి ఆకారపు మెడ కావాలి, అదీ రెండో గుండీ కిందికి దిగేంత లోతు ఉండాలి. గుండీ సందులోంచి బనియన్ మెడపట్టీ తొంగిచూడటం కంటే బనియన్ లేకపోవడమే నయం. బనియన్ చేతులు కూడా చొక్కా చేతుల లోపల దాగాలి. మోచేతికి నాలుగు వేళ్లు పైన ఆగితే సరిపోతుంది.

నూలు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అంగళ్లలో పాలిస్టర్ బనియన్లను ఆటల వాళ్ల పేరు చెప్పి అంటగడుతున్నారు. మామూలు గాలిలో నూలు తన బరువులో 8.5 శాతం దాకా తేమను పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ 0.4 శాతానికి మించి పట్టదు. పాలిస్టర్ చెమటను తాగదు, తన పోగుల సందుల్లోంచి పైకి నెడుతుంది. మైదానంలో పరిగెత్తే వాడికి గాలి తగిలి అది వెంటనే ఎగిరిపోతుంది కాబట్టి అతనికి మంచిదే. మీ బనియన్ పైన చొక్కా ఉంది, కాబట్టి పైకి నెట్టిన చెమట చొక్కాకు అంటుతుంది. ఏ పనికోసం బనియన్ వేసుకున్నారో ఆ పనే చెడుతుంది. పైగా పాలిస్టర్‌కు పట్టిన చంక వాసన ఉతికినా మొండిగా వదలదు. ఆదోనిలో అంత పెద్ద పత్తి మార్కెట్టు ఉన్న సీమలో పుట్టి ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకోవడమెందుకు అని మా అవ్వ ఉంటే అనేది. తిరుప్పూరులో తయారై మన ఊళ్లకు వచ్చే మామూలు నూలు బనియన్ చాలు. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వేళ్ల నీడ కనబడేంత పల్చగా ఉండాలి. మోడల్ అనే కలప గుజ్జు నూలుతో చేసినవి కూడా వస్తున్నాయి. అవి మెత్తగా ఉంటాయి, చెమటను నూలు కంటే ఎక్కువే పీలుస్తాయి, ధర కూడా ఎక్కువే. ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. టీషర్టు వేసుకొని దాని మీద చొక్కా తొడిగే వాళ్లను చూస్తుంటాను. టీషర్టు బట్ట బనియన్ కంటే బాగా మందం, దాన్ని వేసుకొని ఉక్కపోస్తోందంటే తప్పు బనియన్‌ది కాదు.

కొలత విషయంలో ఒక చిన్న లెక్క. బనియన్ల మీద వేసే 85, 90, 95 అంకెలు సెంటీమీటర్లలో ఛాతీ చుట్టుకొలత. ఛాతీ 36 అంగుళాలైతే 90, 38 అయితే 95, 40 అయితే 100. ఒక సైజు పెద్దది తీసుకుంటే గాలి ఆడుతుందని చాలామంది అనుకుంటారు. చొక్కాను దోపుకున్నప్పుడు ఆ లూజంతా నడుము దగ్గర ముద్దగా చేరి, పొట్ట లేనివాడికి కూడా పొట్ట తెస్తుంది. బనియన్ ఒంటిని పట్టుకొని ఉండాలి, పిసకకూడదు. పొడవు మాత్రం ఉదారంగా ఉండాలి. నూలు అల్లిక బట్ట మొదటి ఉతుకుల్లో వెడల్పు కంటే పొడవులోనే ఎక్కువ కుదించుకుపోతుంది. కొన్నప్పుడు తుంటి దాకా వచ్చింది కదా అని సంతోషించి, నెల తిరిగేసరికి వంగినప్పుడల్లా ప్యాంటులోంచి బయటికి వచ్చే బనియన్‌ను దోపుకుంటూ కూర్చునే వాళ్లు ఎందరో. ఒకటే కొని, రెండు సార్లు ఉతికి చూసి, నచ్చితే తక్కినవి కొనండి.

చొక్కా కొలతలకు వెళ్లేటప్పుడు, రోజూ వేసుకోబోయే బనియన్‌నే వేసుకొని వెళ్లండి. మేము ఛాతీ కొలతకు నాలుగు అంగుళాల దాకా లూజు కలుపుతాం, పల్చని బనియన్ అందులో ఇమిడిపోతుంది. అయితే ఈ మధ్య కుర్రవాళ్లు స్లిమ్ ఫిట్ అని ఆ లూజును రెండున్నర అంగుళాలకు తెప్పిస్తున్నారు. అంత బిగువు చొక్కా లోపల ఏ బనియన్ వేసినా అంచులు తేలతాయి, ఏమీ వేయకపోతే చెమట నేరుగా బట్ట మీదికి వస్తుంది. మీ ఉక్కపోతలో చొక్కా బిగువుకు కూడా వాటా ఉందేమో ఒకసారి చూసుకోండి. చంక కోత కొంచెం దించి, పక్కల్లో అర అంగుళం చొప్పున వదిలితే గాలి ఆడుతుంది, దాని వల్ల కలిగే తేడా బనియన్ తీసేసినదాని కంటే ఎక్కువ.

విదేశీ వీడియోల మాట పూర్తిగా తప్పు కాదు, అది వాళ్ల చరిత్రకు చెందిన మాట. యూరప్‌లో చాలా కాలం చొక్కాయే లోదుస్తు. దాని మీద వెయిస్టుకోటు, కోటు వేసేవారు, ఒంటి చెమట కోటుకు తగలకుండా చొక్కా కాపాడేది, చొక్కాను ఉతికేవారు. ఆ సంప్రదాయంలో పెరిగినవాడికి చొక్కా లోపల ఇంకో చొక్కా ఎందుకనిపిస్తుంది. అమెరికాలో లెక్క వేరు. 1913 ప్రాంతంలో వాళ్ల నౌకాదళం నావికులకు చేతులున్న తెల్లని నూలు లోచొక్కాలు ఇచ్చింది, తరువాత అవే టీషర్టులై ఊరి మీద పడ్డాయి. బనియన్ అన్న మాటేమో మన వైపు నుంచే వెళ్లింది. వర్తకులైన బనియాల పేరు మీద ఇంగ్లీషువాళ్లు ఒక వదులు అంగీని అలా పిలిచారు, తిరిగి తిరిగి ఆ పేరు మన లోదుస్తుకు వచ్చి చేరింది. మనకు కోటు లేదు. మన చొక్కాయే లోకానికి కనబడే పైబట్ట, కాబట్టి దానికి కాపలా కాసేది ఒకటి లోపల ఉండాలి.

వేసుకోనక్కర్లేని సందర్భాలు కూడా ఉన్నాయి. బట్ట మందంగా ఉండి దోపుకోకుండా వదిలేసే చొక్కాకు, చేనేత చొక్కాకు, లినెన్‌కు, ముదురు గళ్ల చొక్కాకు బనియన్ లేకపోయినా నష్టం లేదు. లినెన్ ఉన్నదే గాలి ఆడటానికి. దాని కింద బనియన్ వేయడమంటే కిటికీ పెట్టి తలుపు బిడాయించడమే. ఆదివారం సంతకు వెళ్లేటప్పుడు, ఇంటి దగ్గర, సినిమాకు, మీ ఇష్టం. ఒంటి మీద చెమటకాయలు లేచినప్పుడు నాలుగు రోజులు బనియన్ మానేసి వదులు చొక్కా వేసుకోండి. తామర లాంటిది కనబడితే చర్మవైద్యుడికి చూపించండి, తగ్గేదాకా ఆ బనియన్లను ఇంట్లో వాళ్ల బట్టలతో కలిపి ఉతకవద్దు.

ఉతకడం గురించి చెప్పకపోతే ఈ సలహాకు సగం విలువ పోతుంది. చంకల్లో పడే పసుపు మచ్చకు చెమట ఒక్కటే కారణం కాదు. చెమట పట్టకుండా రాసుకునే మందుల్లో అల్యూమినియం లవణాలు ఉంటాయి, అవి చెమటలోని పదార్థాలతో కలిసి బట్టకు పట్టుకుంటాయి. వాసన కోసం మాత్రమే కొట్టుకునే డియోడరెంట్లలో సాధారణంగా ఇవి ఉండవు. రాసుకునే అలవాటుంటే అది పూర్తిగా ఆరాకే బనియన్ తొడగండి. పసుపు కనబడగానే బ్లీచింగ్ నీళ్లలో వేసేవారున్నారు. ఆ మచ్చ మీద బ్లీచింగ్ తరచూ పసుపును ఇంకా పెంచుతుంది. మామూలు నీళ్లలో డిటర్జెంట్ వేసి అరగంట నానబెట్టి, చంక దగ్గర మెత్తని బ్రష్‌తో రుద్దితే చాలు. ఆలస్యం చేయవద్దు, ఇస్త్రీ పెట్టె తగిలాక ఆ మచ్చ తిష్ట వేస్తుంది. మన బోరు నీళ్లతో ఇంకో తంటా ఉంది. ఉప్పు నీళ్లు అని మనం అనే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి బట్టల సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, అది పోగుల్లో చేరి తెల్లబట్ట మాసినట్టు నల్లబడుతుంది. అందుకే తెల్లవాటికి సబ్బు కంటే పొడి మేలు, చివరి జాడింపుకు కుళాయి నీళ్లు దొరికితే ఇంకా మేలు. నీలిమందు మచ్చను తీయదు, పసుపును నీలంతో కప్పి కంటికి తెల్లగా చూపిస్తుంది, అంతే.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనానికి మగవాళ్లు చొక్కా, బనియన్ తీసి లోపలికి వెళ్లాలి. క్యూలో నిలబడ్డ ప్రతిసారీ నా కళ్లు స్వామి కంటే ముందు బనియన్ల మీద పడతాయి, వృత్తి దోషం అనుకోండి. మడత నలగని చొక్కాల కింద నుంచి చిల్లులు పడ్డవి, పట్టీలు సాగి వేలాడేవి, తేనె రంగుకు తిరిగినవి బయటికి వస్తాయి. తీసిన మనిషి వాటిని గబగబా ఉండ చుట్టి చంకలో పెట్టుకుంటాడు. చొక్కాకు వేలు ఖర్చు పెట్టిన వాళ్లే బనియన్ దగ్గర పిసినారులు. మెడపట్టీ అలలు తిరగడం మొదలైనా, ఉతికిన తరువాత కూడా చంకలో వాసన మిగిలినా ఆ బనియన్ పని అయిపోయింది. దాన్ని బైకు తుడవడానికి పంపేయండి.

మీ విషయానికి వస్తే, వారానికి ఆరు రోజుల లెక్కన ఏడు కొనుక్కోండి. బూడిద రంగు, చేతులున్నవి, వి మెడవి. ఆ ఏడోది కవరులో మడిచి బ్యాంకులో మీ సొరుగులో ఉంచండి. మే నెలలో ఎండలో బైకు మీద వచ్చి తడిసి దిగిన రోజున, ఏసీ కింద తడి బనియన్‌తో వణకకుండా, బాత్రూములోకి వెళ్లి లోపలిది ఒక్కటి మార్చుకుంటే చొక్కా అలాగే నిలుస్తుంది. మీ నాన్నగారు మీరు బనియన్ వేసుకున్నారో లేదో చూసేది భుజం మీది పట్టీ గీతను బట్టే కాబట్టి, కొత్తది వేసుకున్న మొదటి రోజు ఆయన మళ్లీ కోప్పడవచ్చు. అప్పుడు పై గుండీ తీసి చూపించండి.